వండకముందే తీసిన గుప్పెడు

మా తెలుగు సహవాసంలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. అద్దెకు తీసుకున్న అమెరికన్ చర్చి హాలు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి, ఐదయ్యేసరికి కుర్చీలు సర్దేసి తాళం వెయ్యాలి. ఆ హడావిడిలోనే ఒక పావుగంట మైకు అందరి చేతుల్లోకీ వెళ్తుంది. "ప్రభువు నామానికి స్తోత్రం. మావాడికి ఈసారి హెచ్‌1బి ఉద్యోగ వీసా లాటరీలో పేరొచ్చింది." చప్పట్లు. "మా గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది." చప్పట్లు. "కొత్త ఇంట్లో చేరాం, వచ్చే శనివారం కృతజ్ఞతా కూడిక, అందరూ రావాలి." ఈసారి చప్పట్లు ఇంకాస్త గట్టిగా, ఎందుకంటే శనివారం బిర్యానీ.

నేనూ ఆ మైకు పట్టుకున్నదాన్నే, తప్పని అనను. మేలు జరిగితే జరిగిందని నలుగురిలో ఒప్పుకోవాలి. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే వెనక్కి వచ్చి యేసు కాళ్ళ మీద పడ్డది ఒక్కడే, వాడూ పరాయి సమరయుడు. కానీ ఆ పావుగంటా నా చూపు వెనక వరసకే పోతుంది. మూడేళ్ళుగా లాటరీలో పేరు రాని కుర్రాడొకడు అక్కడ కూర్చుంటాడు. అందరి సాక్ష్యాలకూ చప్పట్లు కొడతాడు. భోజనాల దగ్గర ప్లేట్లు పంచేదీ అతనే. మైకు మాత్రం అతని దాకా పోదు. పోయినా ఏం చెప్తాడు, "నాకింకా రాలేదు" అనా?

అదే చెప్పాలంటాను నేను. మేం కృతజ్ఞతను ఫలితాలకు కట్టేశాం. రిజల్టు వచ్చినవాడికే స్తోత్రం చెప్పే హక్కున్నట్టు, రానివాడు వచ్చేదాకా నోరు మూసుకుని ప్రార్థన చేసుకోవాలన్నట్టు తయారైంది. ఇది మా ఇళ్ళల్లో పెరిగిన పద్ధతి కాదు.

మాది డోర్నకల్ దగ్గర పల్లె. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు పనిచేసిన ప్రాంతం. మా నాయనమ్మ పొయ్యి పక్కన రెండు కుండలుండేవి. పెద్దది ఇంటిది, చిన్న గురిగి దేవునిది. ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, కడగక ముందే అందులోంచి ఒక గుప్పెడు తీసి గురిగిలో వేసేది. పొద్దున ఒక గుప్పెడు, రాత్రి ఒక గుప్పెడు. ఆదివారం ఆ బియ్యం కొంగున కట్టుకుని గుడికి పోయేది. అయ్యగారికి కొంత, ఇంకా లేనివాళ్ళుంటే వాళ్ళకు కొంత. చుట్టుపక్కల పల్లెల్లో ఇదేమీ వింత కాదు, ఆడవాళ్ళు చాలామంది చేసేవాళ్ళు.

వానలు లేని ఏడాది కూడా ఆ చెయ్యి ఆగలేదని మా నాన్న చెప్తాడు. ఆ ఏడు కొలత తగ్గింది, గుప్పెడు తగ్గలేదు. ఒకసారి నేనే అడిగాను, అందరం తిన్నాక మిగిలింది ఇవ్వచ్చుగా అని. "తిన్నంక ఏం మిగుల్తది బిడ్డా" అని నవ్వింది. అప్పుడది లెక్క అనుకున్నాను. ఆ మాట నాకు ఎక్కడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

2023 ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. ఒక మంగళవారం పొద్దున లాగిన్ పనిచెయ్యలేదు, అంతే. హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదంటే వేరే స్టేటస్‌కి మారాలి, లేదంటే సూట్‌కేసులు దించాలి. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో సగానికి ఆ టెన్షన్ నేను వివరించక్కర్లేదు.

వార్త పాకగానే వాట్సాప్ నిండిపోయింది. గులాబీలు, సూర్యోదయాలు, వాటి మీద "భయపడకుము". వాక్యంతో నాకు పేచీ లేదు. ఆ వాక్యం నాతోపాటు ఇంకో రెండొందల మందికి ఒకే నొక్కుతో వెళ్ళిందని తెలిశాక, అది నాకు చెప్పినట్టు అనిపించలేదు. హెబ్రీయులకు రాసిన పత్రికలో "ప్రతిదినమును ఒకనికొకడు" అని ఉంది. ఒకనికొకడు, గుంపుకొకడు కాదు.

ఒక ఆంటీ మాత్రం ఫోన్ చేసింది. మర్నాడూ చేసింది. తర్వాత రోజూ పొద్దున ఆరూ నలభైకి, ఆవిడ నైట్ షిఫ్ట్ దిగి కారెక్కగానే. ముందు వాక్యం చెప్పేది కాదు. "లేచావా అమ్మా? పిల్లాడు లేచాడా? బాక్సులోకి ఏం పెడుతున్నావ్?" ఆఖర్న ఒకటే ప్రశ్న: "సరే, ఇవాళ దేనికి స్తోత్రం చెప్పుకుందాం?" నేను ఒక్కటి చెప్పాలి. నిన్న చెప్పింది ఇవాళ చెల్లదు. మొదటివారం సులువే: ఆరోగ్యం, మా ఆయన, బ్యాంకులో ఉన్న కొంచెం. తర్వాత అంత సులువు కాదు. పక్కింటి తెల్లాయన మా వాకిట్లో మంచు కూడా ఎత్తేసిన సంగతి నేను గమనించింది ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే.

ముప్ఫై నాలుగో రోజు అనుకుంటా, ఫైనల్ రౌండ్ దాకా వెళ్ళిన ఇంటర్వ్యూ పోయింది. "ఇవాళ ఏమీ లేదాంటీ" అన్నాను. ఆవిడ బుద్ధులేమీ చెప్పలేదు. "పాలున్నాయా ఇంట్లో?" అంది. ఉన్నాయన్నాను. "పొయ్యి మీద పెట్టు. పొంగేదాకా లైన్లో ఉంటా." పెట్టాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆవిడ కారు సిగ్నల్ లైటు టిక్కు టిక్కుమనడం, ఇక్కడ గిన్నె అంచున పాలు సన్నగా చుయ్యిమనడం. పొంగాయన్నాను. "స్తోత్రం. తాగి పడుకో కాసేపు" అని పెట్టేసింది.

ఉద్యోగం తర్వాత దొరికింది. ఎన్నో రోజున దొరికిందో కావాలనే రాయడం లేదు. రాస్తే ఇదీ ఇంకో రిజల్టు సాక్ష్యమైపోతుంది.

పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటను మన తెలుగు బైబిల్లో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని చదువుకుంటాం. విషయమునకు అని లేదు, విషయమునందు అని ఉంది. ఉద్యోగం పోయినందుకు స్తోత్రం చెప్పమని కాదు, పోయిన ఆ రోజుల్లోనూ చెప్పమని. ఎఫెసీయులకు రాసినప్పుడు ఆయనే "సమస్తమునుగూర్చి" అన్నాడుగా అని మా బైబిల్ స్టడీలో ఒక అంకుల్ ప్రతిసారీ లేవదీస్తారు. ఆయనతో ఆ వాదన ఇంకా నడుస్తోంది. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరకెళ్ళి "అన్నిటికీ స్తోత్రం చెప్పాలమ్మా" అన్నవాళ్ళను నేను చూశాను. కీర్తనల గ్రంథంలో ఎంత ఏడుపుందో, ఎన్ని "ఎంతకాలము యెహోవా"లున్నాయో వాళ్ళు మర్చిపోయినట్టున్నారు. ఏడవనివ్వని కృతజ్ఞత నాకు నమ్మకంలా కాదు, నటనలా కనిపిస్తుంది.

అమెరికాలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఒంగోలు సంగతి చెప్పాలి. ఇక్కడి బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ళ కోసం మొదలుపెట్టిన మిషను, 1853 నాటికి చూపించుకోవడానికి దాదాపు ఏమీ లేక, మూసేద్దామా అనే చర్చ దాకా వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనుకు చెందిన జ్యూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగువాళ్ళు, మొత్తం ఐదుగురు ఒంగోలు పక్క కొండెక్కి ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అనే అంటారు. మా సభల్లో ఎక్కువగా చెప్పేది తర్వాతి అంకె: 1878 జులై 3న, కరువు వెనకాల, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆ మాట మన వేదికల మీద అంకె అంత గట్టిగా వినిపించదు, అది వేరే వ్యాసం. నాకు మాత్రం ఆ అంకె కంటే ఆ ఐదుగురే దగ్గరివాళ్ళు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఏం జరగబోతుందో తెలియకుండా, చలిలో దిగొచ్చి ఆ పూట ఏదో వండుకుని తిని ఉంటారు. వెనక వరస కుర్రాడికి నేను చెప్పాలనుకునేది వాళ్ళ సంగతే. ఈ ఏడు క్రిస్మస్ కూడికలో మొదటి మైకు అతనికివ్వమని మా పాస్టరుగారిని అడిగాను. చూద్దామన్నారు.

మా వంటింట్లో ఇప్పుడు ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. సోనామసూరి కొలిచాక ఒక గుప్పెడు అందులోకి. మొదటి నెల నిండగానే ఊళ్ళో లేనివాళ్ళకు సరుకులు పంచే ఫుడ్ ప్యాంట్రీకి పట్టుకెళ్తే, విప్పిన బియ్యం తీసుకోం అన్నారు, సీలు వేసిన ప్యాకెట్టే కావాలట. నాయనమ్మ వింటే ఎంత నవ్వేదో. ఇప్పుడు నెలాఖరున డబ్బా తూచి, అంతే బరువున్న కొత్త ప్యాకెట్టు కొని వాళ్ళకిస్తాం. డబ్బాలో బియ్యం ఆదివారం సహవాసం భోజనంలోకి పోతాయి. గుప్పెడు తీసే పని మావాడిది. పోయినేడు నెలకు రెండు పౌండ్లు కూడా తూగేవి కాదు. ఇప్పుడు మూడుకు దగ్గరగా వస్తున్నాయి, వాడి చెయ్యి పెరుగుతోంది.