సవరణ: 70 దాటినవారి ఆయుష్మాన్ కార్డు, 5 లక్షలు ఎవరికి?

వృద్ధులకు ఆసుపత్రి వైద్యం ఉచితంగా అందించే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి గత వారం రాసిన పోస్టులో, 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ విడిగా ఏటా 5 లక్షల వైద్యం ఉంటుందన్నాను. అది తప్పు. కేంద్ర ప్రభుత్వ వివరణ ప్రకారం ఆ 5 లక్షలు కుటుంబానికి. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 70 దాటినవారైతే కార్డులు ఇద్దరికీ వస్తాయి, మొత్తం మాత్రం ఉమ్మడిది. ఒకరి గుండె ఆపరేషన్‌కు 3 లక్షలైతే, ఆ ఏడాది ఇద్దరికీ కలిపి మిగిలేది 2 లక్షలే. ఇద్దరికీ ఆపరేషన్లు అవసరమైన ఇంట్లో ఈ లెక్క ముందే చూసుకోవాలి.

కుటుంబం ఇప్పటికే ఆయుష్మాన్ భారత్‌లో (పేద కుటుంబాలకు కేంద్రం ఇచ్చే ఉచిత వైద్య పథకం) ఉంటే, పెద్దవారికి అదనంగా మరో 5 లక్షలు వస్తాయి. ఇందులో 70 లోపువారికి వాటా లేదు. పాత కార్డు ఉన్నా ఆధార్‌తో ఈ-కేవైసీ మళ్లీ చేయించాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీ ఉంటే అర్హత లేదని కొందరు నా పోస్టును అర్థం చేసుకున్నారు. ప్రైవేటు పాలసీ, ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉన్నవారూ అర్హులే. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగులు, పింఛనుదారుల వైద్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉన్నవారు మాత్రం ఆ పథకమో ఈ కార్డో ఒక్కటే ఎంచుకోవాలి. ఆదాయ పరిమితి లేదు.

వయసుకు ఆధార్‌లోని పుట్టిన తేదీయే ఆధారం. అందులో తప్పుంటే ముందు దాన్ని సరిచేయించండి. సందేహాలకు 14555. ఇక ఓపీ ఖర్చులు, రోజూ వేసుకునే బీపీ మాత్రలు దీని కిందికి రావు. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది.