తుంబా అంటే మన ఏటిపుచ్చే

థార్ ఎడారిలో దొరికే తుంబా అనే చేదుకాయ తీగ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. అది మన ఏటిపుచ్చే, కొందరు పాపరకాయ అంటారు. జైసల్మేర్ దగ్గర సమ్ ఇసుకదిబ్బల్లో చూశాను. చుట్టూ గడ్డిపోచ లేదు, ఈ తీగ మాత్రం పచ్చగా పాకి ఉంది. వేరు లోతుగా దిగుతుంది కదా! ఆకు అచ్చం పుచ్చాకే, తాకితే గరుకు. కాయ టెన్నిస్ బంతంత. ఎండిన కాయ ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. పచ్చికాయ కోసి నాలుక చివర తాకించాను. అబ్బ, టీ తాగినా ఆ చేదు వదల్లేదు! షుగర్‌కి దీని రసం తాగమని రాయడం మాత్రం నచ్చలేదు. ఇది తీవ్రమైన విరేచనకారి, పేగుల్లోంచి రక్తం పడే ప్రమాదముంది. దయచేసి ఆ వాక్యం తీసేయండి.