కొంగకైనా ఫారిన్ సంబంధమే

సెప్టెంబరు దాటిందంటే మన పత్రికల నిండా సైబీరియానే. ఏ చెరువులో ఏ కొంగ దిగినా ఫొటో కింద 'వేల మైళ్లు దాటి సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు' అని పడాల్సిందే. దీన్ని కొందరు పక్షిప్రేమికులు తప్పుపడుతున్నారు. తెలుగువారి ఆత్మగౌరవాన్ని దెబ్బతీసే ఈ ధోరణిని తీవ్రంగా ఖండిస్తున్నాను.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్లాను. చెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. ఒక కొంగ మడుగులో దిగి, పసుపుపచ్చ ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ తిప్పుతూ నడుస్తోంది. చేప తగలడమే ఆలస్యం, టక్కున మూసేసింది.

పక్కనే విశాఖ నుంచి కారేసుకుని దిగిన కుటుంబం.

"నాన్నా, ఇవి సైబీరియావేనా?"

"మరి! లేకపోతే ఇంత తెల్లారగట్ల వస్తామా?"

మెళ్లో బైనాక్యులర్స్ వేసుకున్న కుర్రాడొకడు ఊరుకోలేకపోయాడు. "కాదు సార్. ఇవి మన దేశపు పక్షులే. వానల్ని బట్టి, చేపల్ని బట్టి చోటు మారుతుంటాయి. ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతాయి."

సారు ముఖం చూడాలి. అమెరికా అని చెప్పిన పెళ్లికొడుకు అమలాపురం దాటలేదని తేలినట్టు అయిపోయింది. "లోకలా!" అని ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

ఆయన బాధ న్యాయమైనది. ఆ కుర్రాడు అంతటితో ఆగలేదు. ఉత్తరాది నుంచి చలికాలం గడపడానికి వచ్చే పక్షులకు పురుళ్లూ పుణ్యాలూ వేసవిలో అక్కడే అయిపోతాయట. చలికాలంలో ఇక్కడ గూడు కట్టిందంటే అది మనదేనట. అబద్ధాన్ని ఇంత సులువుగా పట్టించే పరీక్షను ప్రభుత్వం వెంటనే నిషేధించాలి. పులికాట్ రాజహంసలదీ అదే వరస. అవి కచ్ రణ్‌లో గూళ్లు పెట్టే జాతి. గుజరాత్ పక్షులకా సూళ్లూరుపేటలో మనం పండగ చేస్తున్నది? పట్టెతల బాతులు హిమాలయాల మీదుగా వస్తాయి, నిజమే. కానీ మంగోలియా నుంచి అంటే ఎవరు నమ్ముతారు, ఎవరు లైకులు కొడతారు?

పైగా ఇందులో చెరువుల క్షేమం కూడా ఉంది. విదేశీ పక్షులని బోర్డు ఉంటే పూడ్చేవాడు కాస్త మొహమాటపడతాడు. లోకల్ కొంగ మొహం చూసి ప్లాట్లు వేయడం మానినవాడు లేడు. అందుచేత ఎర్రకాళ్ల కొంగకు గౌరవ సైబీరియా పౌరసత్వం ఇప్పించే బాధ్యతను విదేశాంగ శాఖ తీసుకోవాలని డిమాండ్ చేస్తున్నాను.

సారుకి జాలిపడి కుర్రాడు చింతకొమ్మ వైపు వేలు చూపించాడు. ఆకుల మధ్య ఆకురంగులోనే ఏదో పిట్ట, పట్టుమని పది గ్రాములు తూగదు. ఒక్కచోట కుదురుగా ఉండకుండా పురుగులు ఏరుకుంటోంది. "అదిగో సార్, సైబీరియా అడవుల నుంచి వచ్చే రకం."

సారు కళ్లు చిట్లించి చూశారు. "ఇదా? ఇది మా పెరట్లో కూడా తిరుగుతుంటుందయ్యా" అని కారెక్కారు.