సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే ఆఫీసు

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు ముగించినవాళ్లు లిఫ్టు కోసం నిలబడతారు. న్యూయార్క్‌లో క్లయింటు ఉన్నవాళ్లు అదే సమయానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటారు. అక్కడ ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో 6.30, చలికాలంలో 7.30. శాన్‌ఫ్రాన్సిస్కో క్లయింటైతే రాత్రి 9.30, నవంబరు నుంచి మార్చి దాకా 10.30. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో కోవర్కింగ్ స్పేస్ (ఎవరికి వాళ్లు సీటు అద్దెకు తీసుకుని పనిచేసుకునే ఉమ్మడి ఆఫీసు) నడిపేవాళ్లందరికీ ఈ లెక్క కంఠతా వచ్చు. అయినా కమ్యూనిటీ ఈవెంట్‌ని మాత్రం సరిగ్గా ఆ ఆరున్నరకే పెడతారు.

నేనూ అలాగే పెట్టాను. మాదాపూర్‌లో నలభై సీట్ల చిన్న కేంద్రం నడిపిన రోజుల్లో మొదటి ఏడాదంతా శుక్రవారం సాయంత్రం ఏదో ఒక కార్యక్రమం ఉండేది. ఒక వారం స్టార్టప్ పిచ్, ఇంకో వారం ఎవరైనా ఇన్వెస్టర్‌తో ముచ్చట, ఆపైన సమోసాలు, ఫొటోలు. ఒక శుక్రవారం మైకు మోత తట్టుకోలేక ఒక డిజైనర్ ల్యాప్‌టాప్ పట్టుకుని బయటికి వెళ్లి, మెట్ల మీద కూర్చుని కాల్ ముగించుకుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నెలాఖరుకి సీటు ఖాళీ చేసింది. ఆ రోజు మేం పెట్టుకున్న ఫొటోలకు మాత్రం లైకులు బాగానే వచ్చాయి.

బ్రోచర్‌లో ఈవెంట్లు, 24 గంటల యాక్సెస్ రెండు వేర్వేరు సౌకర్యాలుగా కనిపిస్తాయి. నడిపేవాడికి తెలుసు, అవి రెండూ ఒకే గంటల కోసం, ఒకే డబ్బు కోసం పోటీపడతాయని. మన నగరాల్లో ఆ డబ్బు ముందు రాత్రి మీద ఖర్చు కావాలని, ఈవెంట్లు పగటికి జరగాలని నా అభిప్రాయం.

ఈవెంట్లకు సాయంత్రమే సరైన వేళ అన్న అలవాటు కోవర్కింగ్ పుట్టిన చోటి నుంచి వచ్చింది. 2005లో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్పైరల్ మ్యూజ్ అనే చోట వారానికి రెండు రోజులు ఐదు నుంచి ఎనిమిది బల్లలు వేశాడు. అందుకు నెలకు 300 డాలర్లు కట్టాడు. మొదటి నెల ఒక్కరూ రాలేదు. కలిసి భోజనం, ధ్యానం, సైకిల్ మీద షికారు అన్నీ పెట్టాడు. 5.45కి మాత్రం కచ్చితంగా తలుపు వేసేవాడు. ఉద్యోగంలో ఉండే క్రమశిక్షణ, స్వతంత్రంగా పనిచేసే స్వేచ్ఛ రెండూ ఒకే చోట దొరకాలన్నది అతని ఆలోచన. పొద్దున పని మొదలుపెట్టి పొద్దుగూకే వేళకు ముగించే మనిషికి అది చక్కగా సరిపోతుంది. అతనికి సాయంత్రం ఖాళీ, నలుగురితో కబుర్లు చెప్పుకోవచ్చు. మన దగ్గర చాలామందికి సాయంత్రమే పనివేళ. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారంతో బతుకుతున్న మనిషి హైదరాబాద్‌లో కూర్చున్నప్పుడు, ఆ నమూనాను ఉన్నది ఉన్నట్టు తెచ్చుకుంటే ఎలా కుదురుతుంది?

తర్వాతి కథ అందరూ చదివిందే. 2010లో అమెరికాలో మొదలైన వీవర్క్ అనే కోవర్కింగ్ సంస్థ ‘కమ్యూనిటీ’ అనే మాటనే సరుకు చేసి అమ్మింది. 2019 జనవరికి దాని విలువను 4,700 కోట్ల డాలర్లుగా లెక్కకట్టారు, ఆ సెప్టెంబరుకే ఐపీఓ (షేర్లను తొలిసారి జనానికి అమ్మే ప్రయత్నం) వెనక్కి తీసుకుంది, 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. మన దేశంలో ఈ వ్యాపారం వేరే దారి పట్టింది. 2024లో ఆఫిస్ (Awfis) అనే సంస్థ, 2025లో స్మార్ట్‌వర్క్స్, ఇండీక్యూబ్, వీవర్క్ ఇండియా స్టాక్ మార్కెట్‌లోకి వచ్చాయి. పెద్ద సంస్థల ఆదాయంలో ఎక్కువ భాగం కంపెనీలకు అంతస్తులకు అంతస్తులు ఇవ్వడం నుంచే వస్తుంది. ఆ కంపెనీలకు తమ తలుపు, తమ సెక్యూరిటీ, తమ క్యాబ్‌లు ఉంటాయి. ఒక్క కుర్చీ అద్దెకు తీసుకున్న ఫ్రీలాన్సర్‌కు అవేవీ ఉండవు. నేను మాట్లాడుతున్నది అతని గురించి, ఆమె గురించి.

రాత్రి ఏం జరుగుతుందో చూడాలి. అద్దాల బిల్డింగుల్లో సెంట్రల్ ఏసీని యజమాని సాధారణంగా రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఆపేస్తాడు. తర్వాత నడపాలంటే గంటకు ఇంత అని విడిగా బిల్లు వేస్తాడు. ఆ గంటల్లో ఆరుగురే ఉంటే ఆ బిల్లు నిర్వాహకుడికి బరువే, అందుకని ఆపేయనిస్తాడు. ఆ గోడలకు తెరిచే కిటికీలు ఉండవు. ఏప్రిల్‌లో తొమ్మిదిన్నరకు లోపల గాలి ఆడదు. మంచినీళ్ల క్యాన్ అయిపోతుంది, మార్చేవాళ్లుండరు. బాత్రూమ్ లైటు సెన్సర్ ఐదు నిమిషాలకోసారి ఆరిపోతుంటుంది. కమ్యూనిటీ మేనేజర్ ఏడింటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. చేతిలో కార్డు ఉంది, తలుపు తెరుచుకుంటుంది కాబట్టి దాన్ని 24 గంటల యాక్సెస్ అంటున్నాం. రాత్రి ఎన్నింటిదాకా ఏసీ ఉంటుందో రాయకుండా 24 గంటలని బోర్డు పెట్టడం అబద్ధమే. ఈ మాట తోటి నిర్వాహకుల ముందే అన్నాను, ఇక్కడా అంటున్నాను.

తలుపు సంగతి ఇంకా ముఖ్యం. కార్డుతో తెరుచుకునే తలుపులకు ఎక్కువగా మ్యాగ్నెటిక్ లాక్ ఉంటుంది. ఫైర్ అలారం మోగగానే దానికి కరెంటు ఆగి తలుపు వదిలేయాలి. లోపలి నుంచి బయటికి రావడానికి కార్డు అవసరం ఉండకూడదు. వెనక మెట్ల తలుపుకి దొంగల భయంతో రాత్రిపూట తాళం కప్ప వేసే బిల్డింగులు నేను కళ్లారా చూశాను. 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. ఆఫీసులో పని చేసుకుంటున్న పిల్లలు వాళ్లు. ఆ వార్త చదివిన మర్నాడు మా వెనక మెట్లు చివరిదాకా దిగి చూశాను. రెండో అంతస్తు దగ్గర పాత కుర్చీలు అడ్డంగా పేర్చి ఉన్నాయి. అప్పటిదాకా ఎన్ని ఈవెంట్లు పెట్టానో లెక్క ఉంది, ఆ మెట్లు మాత్రం ఒక్కసారీ దిగలేదు.

ఆడవాళ్ల విషయంలో చట్టం దగ్గరే ఒక ఖాళీ ఉంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మొదట రాత్రి 8.30 తర్వాత మహిళలతో పని చేయించకూడదంది. తర్వాత ప్రభుత్వాలు ఆ నిబంధనను సడలిస్తూ, ఉద్యోగినులకు రవాణా, భద్రత కల్పించాలని షరతు పెడుతున్నాయి. అంటే ఆ బాధ్యత యజమానిది. ఫ్రీలాన్సర్‌కు యజమాని లేడు. పదకొండున్నరకు కాల్ ముగించిన అమ్మాయిని ఇంటికి చేర్చే బాధ్యత కాగితం మీద ఎవరిదీ కాదు. అది కోవర్కింగ్ నిర్వాహకుడు తనకు తానుగా మీద వేసుకోవాల్సిందే అంటాను. ఇందుకు పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. కింద గేటు దగ్గర మనిషి మెలకువగా ఉండాలి. క్యాబ్ వచ్చేదాకా కూర్చోవడానికి వెలుతురున్న చోటుండాలి. రాత్రి లోపల ఎవరెవరు ఉన్నారో ఆ గార్డుకు పేర్లతో సహా తెలియాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసి అలసిపోయిన గార్డు నుంచి ఇది ఆశించడం అన్యాయం. అక్కడ ఇంకో జీతం పెట్టక తప్పదు.

ఆ జీతం ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. నాకు ఈవెంట్ల ఖర్చులోంచి వచ్చింది. నెలకు నాలుగు సాయంత్రాల టిఫిన్లు, బ్యానర్లు, మైకు సెట్టు అద్దె, ఫొటోగ్రాఫర్ మానేస్తే రాత్రి గార్డు జీతంలో చాలా భాగం అక్కడే దొరికింది. మిగతాది, ఏసీ అదనపు గంటల బిల్లు కలిపి, రాత్రి సభ్యుల ఫీజులోనే వేశాను. ఏ రోజు ఎన్ని గంటల దాకా ఏసీ ఉంటుందో ముందే చెప్పాక ఆ ఫీజు గురించి ఎవరూ గొడవ చేయలేదు.

రాత్రి కుర్చీ కోరుకునేవాళ్లు ఎవరో తెలిస్తే ఈ ఖర్చు అనవసరం అనిపించదు. కరోనా తర్వాత సొంతూళ్లకు వెళ్లినవాళ్లలో కొందరు అక్కడి నుంచే విదేశీ క్లయింట్ల పని చేస్తున్నారు. విజయవాడ, విశాఖ, కరీంనగర్‌లలో కూడా చిన్న కోవర్కింగ్‌లు వచ్చింది అందుకే. రెండు గదుల ఇంట్లో నాన్న తొమ్మిదింటికి పడుకుంటాడు, పక్కన పసిపాప. కొడుకు దోమల మధ్య డాబా మీద నిలబడి క్లయింటుతో మాట్లాడతాడు. అతనికి కావలసింది గొంతు తగ్గించకుండా మాట్లాడుకునే నాలుగు గోడలు.

ఈవెంట్లు వద్దని నేను అనడం లేదు. వేళ మార్చాలి, విషయం మార్చాలి. మా దగ్గర అన్నిటికంటే బాగా నడిచింది ప్రతి నెలా 18వ తేదీ మధ్యాహ్నం ఒక సీఏ గారు వచ్చి కూర్చునే రెండు గంటలు. అప్పటికి జీఎస్టీ 3బీ రిటర్న్ (నెలవారీ పన్ను లెక్క) గడువు రెండు రోజులే ఉంటుంది. విదేశీ క్లయింట్లకు పనిచేసేవాళ్లు ఐజీఎస్టీ అనే పన్ను కట్టకుండా బిల్లు వేయాలంటే ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయాలి. ఆ సంగతి తెలియక తిప్పలు పడ్డవాళ్లు అక్కడే ఒకరికొకరు పరిచయమయ్యారు. ఎవరూ మైకు పట్టలేదు. రెండోది బుధవారం భోజనం, ఎవరి డబ్బా వాళ్లదే. గోంగూర పచ్చడి చేతులు మారుతుండగా ఒక కోడర్‌కు ఒక కంటెంట్ రైటర్ దొరికింది.

సాయంత్రం ఒక్కటే మినహాయించాం, బతుకమ్మ. అది పొద్దువాలాకే ఆడతారు, మధ్యాహ్నానికి జరపలేం. నెల ముందే తేదీ చెప్పాం. ఆ సాయంత్రం కాల్స్ ఉన్నవాళ్లకు వెనక గది వదిలేసి ఆట పార్కింగ్‌లో పెట్టాం.

ఇప్పుడు నా కేంద్రం లేదు. అద్దె ఒప్పందం ముగిశాక వదిలేశాను. తెలిసినవాళ్లు సీటు తీసుకునే ముందు ఒకసారి చూసి చెప్పమంటే మాత్రం వెళ్తుంటాను. పగలు టూర్ వేయిస్తామంటారు, నేను రాత్రి పదింటికి వస్తానంటాను. ముందు వెనక మెట్ల తలుపు తోసి చూస్తాను. తర్వాత కిందికి వచ్చి, పైన ఎవరెవరున్నారని గార్డుని అడుగుతాను.