అచ్చు వేయని ఆంబోతు

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నేను చేసే పనుల్లో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం అన్నిటికంటే తేలికైనది, అధ్యాపకులకు కాపీరైట్ గురించి చెప్పడం అన్నిటికంటే కష్టమైనది. ముప్పై ఏళ్లుగా ఇతరులకు చెబుతూ వచ్చినవారికి వినే అలవాటు తప్పిపోవడం సహజమే కనుక, అందులో వారి తప్పేమీ లేదు.

పశుపోషణ పాఠం చెప్పే ఒక ఆచార్యులవారు ఒంగోలు జాతి మీద 20 పేజీల అధ్యాయం రాసి, ఎవరైనా ఉచితంగా చదువుకొని, మార్చుకొని, అచ్చు వేసుకొనేలా ఓపెన్ పాఠ్యసామగ్రిగా విడుదల చేయమని నాకు పంపించారు. మూపురం మొదలు గంగడోలు దాకా వర్ణన ఎంతో చక్కగా ఉంది. ఫొటోలు 14 ఉన్నాయి, పద్నాలుగింటి కిందా "సౌజన్యం: గూగుల్" అనే ఒకే మాట ఉంది. వాటిలో ఒక గిత్త పొట్ట మీదుగా, ఫొటోలు అమ్ముకొనే సంస్థ వారి పేరు లేత బూడిద రంగు అక్షరాల్లో ఏటవాలుగా కనిపిస్తుండగా, ఆచార్యులవారు దాని కింద "కొన్ని గిత్తల ఉదరభాగమున బూడిద రంగు చారలు కానవచ్చును" అని వివరణ కూడా చేర్చారు.

"గూగుల్ ఫొటోలు తీయదండీ, ఎవరో తీసినవి వెతికి చూపిస్తుంది, అంతే" అన్నాను.

"పేరు రాశాను కదయ్యా, ఇంకేం కావాలి?" అన్నారు.

పేరు చెప్పడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు అని నేను మొదలుపెట్టేలోపే ఆయన 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని బయటికి తీశారు. అందులోని 52వ సెక్షన్ బోధన కోసం అధ్యాపకులకు మినహాయింపు ఇచ్చిందని, పాఠ్యభాగాలను జిరాక్సు తీయించి విద్యార్థులకు ఇవ్వడం తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పిందని ఆయన వాదన. రెండూ నిజమే. అయితే ఆ మినహాయింపు పాఠం చెప్పుకోవడానికే గాని, పరాయివాడి ఫొటోను "ఎవరైనా వాడుకోండి, కావాలంటే అమ్ముకోండి" అని లోకానికంతటికీ ధారపోయడానికి కాదు. అద్దె ఇంట్లో కాపురం ఉండవచ్చు గాని, ఆ ఇంటికి దానపత్రం రాయలేం కదా అన్నాను.

"మన గిత్తల్ని 19వ శతాబ్దంలోనే బ్రెజిల్‌కు తోలుకుపోయి, ఆ జాతికి నెలోర్ అని మన ఊరి పేరు పెట్టుకున్నారు. ఎవరిని అడిగారయ్యా వాళ్లు?" అన్నారాయన. సౌజన్యం చెప్పి సరిపెట్టుకోవడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ ఉండబోదని నేనూ ఒప్పుకోవలసి వచ్చింది. అయితే గిత్తలకు కాపీరైట్ లేదు, ఫొటోలకు ఉంది.

తమ రచనను ఇతరులు ఏ షరతుల మీద వాడుకోవచ్చో కర్తలు ముందే చెప్పేసేందుకు క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ తయారుచేసిన ఆరు రకాల లైసెన్సులను పటం గీసి చూపించినా ఆయన ముఖంలో మార్పు రాకపోవడంతో, పశువుల భాషలో చెబితే పనవుతుందేమోనని నాకు ఒక దుర్బుద్ధి పుట్టింది. "చూడండీ, పలుపు తెంపుకొచ్చిన గిత్తా, దేవుడి పేరు మీద వదిలిన ఆంబోతూ రెండూ వీధిలోనే తిరుగుతాయి. మొదటిదానికి యజమాని ఉన్నాడు, రెండోదానికి ఊరి వాళ్లందరూ చూసేటట్టు అచ్చు వేసి వదిలారు. లైసెన్సు అంటే ఆ అచ్చే. గూగుల్‌లో కనబడేవాటిలో చాలావరకు పలుపు తెంపుకొచ్చినవే. మీ పాఠం మాత్రం అచ్చోసిన ఆంబోతు" అన్నాను.

ఉపమానం సరిగానే ఉంది. అయితే సరిగ్గా చివరి మాట దగ్గర తలుపు తీసుకొని లోపలికి వచ్చిన ఇద్దరు అధ్యాపకులకు మొదటి భాగం వినబడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు, నేను ఆచార్యులవారినే ఆ మాట అన్నానని విశ్వవిద్యాలయమంతా తెలిసిపోయింది. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజున వచ్చి, "ఫొటోలు మనమే తీసుకొస్తే నీ అచ్చు గొడవ ఉండదు కదా" అన్నారు. మనం అనడంలోనే నాకు శిక్ష పడిపోయింది.

ఆదివారం పొద్దున్నే నెల్లూరులో కారం దోసె తిని, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఒంగోలు పక్కనున్న కరవదికి చేరుకున్నాం. గిత్తలకు పేరున్న ఊరు కనుక, ఒక పెద్దాయన తన గిత్తను సంతోషంగా చూపించాడు. అది గడ్డివామి పక్కన నిలబడి, తెల్లటి గోపురంలా, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్లుగా, మమ్మల్ని తేరిపార చూస్తూ ఉంది. ఆచార్యులవారు మూపురాన్ని దగ్గరగా తీయాలని ఫోను పట్టుకొని నాలుగడుగులు వేశారు. గిత్త ఒక్కసారి బుసకొట్టి తల వంచింది. 20 పేజీలలో ఎక్కడా రాయని వేగంతో ఆయన వామి వెనక్కి చేరుకొనేసరికి, నేను అప్పటికే అక్కడ ఉన్నాను. కింద పడిన ఫోనును పెద్దాయన మనవడు, నాలుగో తరగతి చదివే కుర్రాడు, తీసుకొని, గిత్త ముందే గొంతుకూర్చొని, తాపీగా ఒక ఫొటో తీసి తెచ్చి ఇచ్చాడు. అంత గొప్ప ఫొటోను నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో సింగరాయకొండ దాటాక నాకు చెమటలు పట్టాయి. చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషి, అంతేగాని ఫోను ఎవరిదో కాదు. హక్కు ఆ కుర్రాడిది. ఈ సంగతి చెప్పగానే ఆచార్యులవారు కాసేపు ఆలోచించి, గిత్త ముక్కు తగిలి ఫొటో పడిందని రాసుకుందామా అని అడిగారు. ఒక కోతి తన ఫొటో తానే తీసుకున్న కేసులో, కోతికి కాపీరైట్ దావా వేసే హక్కు లేదని 2018లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది గనుక, ఆ దారి ఆయన్ని ఆకర్షించింది. కుర్రాడు మాత్రం సాక్ష్యం చెప్పడానికి వెనకాడే రకంలా కనబడలేదు.

మరుసటి ఆదివారం అనుమతి పత్రంతో మళ్లీ కరవది వెళ్లాం, ఎందుకంటే లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలని చట్టంలోని 30వ సెక్షన్ చెబుతుంది. కుర్రాడు మైనరు కనుక తండ్రి సంతకం కావాలి, తండ్రి చీమకుర్తి గ్రానైటు క్వారీలో పనికి పోయాడు. అక్కడికీ వెళ్లి, రాతిపొడి వేలిముద్రలతో సహా సంతకం తెచ్చుకొని వచ్చాక, పెద్దాయన కాగితం చదివించుకొని, "పిల్లకాయలు చదూకునేదానికైతే ఎంతమందైనా ఏసుకోండి. దాణా బస్తాల మీద మాత్రం ఏసేదానికి లేదు. పోయినసారి ఎవడో మా పాత గిత్త బొమ్మ బస్తా మీద ఏసి, మాకే అమ్మాడయ్యా" అన్నాడు. పటం గీసి గంటసేపు చెప్పినా ఆచార్యులవారికి ఎక్కని వాణిజ్యేతర లైసెన్సును ఆయన బస్తాతో ముగించేశాడు. అధ్యాయమంతటికీ ఒక లైసెన్సు, ఈ ఒక్క ఫొటోకు వేరే లైసెన్సు పెట్టి, ఆ తేడాను ఫొటో కిందనే రాస్తే సరిపోతుందని నేను చెప్పాను. కుర్రాడు తన పేరుతోపాటు గిత్త పేరు కూడా వేయాలన్నాడు. అది చట్టంలో లేదు గాని, గిత్త అక్కడే ఉంది కనుక వెంటనే ఒప్పుకున్నాం.

ఇప్పుడు ఆ ఫొటో కింద పేరు, తీసినవారు, ఎక్కడిది, ఏ లైసెన్సు అన్న నాలుగు వివరాలూ ఉన్నాయి, బూడిద రంగు చారలు లేవు. మిగిలిన 13 ఫొటోల కోసం, కరవది బడికి దసరా సెలవులు ఎప్పుడిస్తారో ఆచార్యులవారు కనుక్కుంటున్నారు.