అర నిమిషం విద్య

కొత్తగా కంప్యూటర్ నేర్చుకునేవాళ్లకి సాయం చేయడం మహాపాపమని నా నమ్మకం. మొన్న ఆదివారం మా మేనల్లుడు హాస్టల్ నుంచి ఫోన్ చేశాక అది మరింత గట్టిపడింది.

"మామయ్యా, సాఫ్ట్‌వేర్ ఎక్కించా. తెరిస్తే వీసీరన్‌టైమ్140.డీఎల్‌ఎల్ అనే ఫైలు లేదంటోంది."

"మెసేజ్ పూర్తిగా చదివావా?" అన్నాను. ఎవరేం అడిగినా మా కంప్యూటర్ పండితుల వర్గం వాళ్లం ముందు అనే మాట అదే.

పాపం, చదివాడు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోవచ్చని అందులోనే ఉందట, నాలుగుసార్లు చేశాడట. డీఎల్‌ఎల్ అంటే చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ ఫైలు. ఇది అసలు ఆ సాఫ్ట్‌వేర్ సొంతం కాదు. వంటవాడు సరుకులన్నీ తెచ్చుకుని, రోలు మాత్రం ఇంటివాళ్ల దగ్గరే ఉంటుందిలే అనుకుని వచ్చాడు. వాణ్ణి నాలుగుసార్లు పంపేసి పిలిస్తే రోలు పుడుతుందా? మైక్రోసాఫ్ట్ సైట్‌లో విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని ఇలాంటి ఫైళ్ల మూట ఉంటుంది. అది వేసుకుంటే చాలు.

ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం పట్టదు. కానీ రెండు రాత్రులు నిద్ర కాచి సంపాదించిన విద్యని అర నిమిషంలో ధారపోస్తే నా నిద్రకి విలువేముంది? "ముందు బేసిక్స్ నేర్చుకోరా" అని పెట్టేశాను.

వాడు ఊరుకోలేదు. ఊరూపేరూ లేని సైట్‌లో ఆ డీఎల్‌ఎల్ ఒక్కటే దొరికితే (వెంట ఏ వైరస్ వచ్చిందో!) తెచ్చి విండోస్‌లోని సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో పెట్టాడు. అది 32 బిట్ ఫైలు కదా, 32 అని రాసున్న ఫోల్డర్‌లోకే వెళ్లాలి కదా అని వాడి లెక్క. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్‌వి ఉండేది సిస్‌వావ్64 అనే ఇంకో ఫోల్డర్‌లో. పాత ప్రోగ్రాములు సిస్టమ్32 అన్న పేరుకే అలవాటు పడ్డాయని దాన్ని అలాగే ఉంచేశారు. ఇది తెలియనివాణ్ణి చూసి నవ్వుకోవడం మాకున్న కొద్దిపాటి వినోదాల్లో ఒకటి.

విసిగిపోయి విండోస్ బదులు ఉబుంటు 22.04 (లైనక్స్‌లో ఒక రకం) వేసుకున్నాడు. అక్కడ ఇంకో ప్రోగ్రాము లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 అనే లైబ్రరీ (లైనక్స్ వాళ్ల డీఎల్‌ఎల్ అన్నమాట) కావాలంది. అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్ 1.1 వెర్షన్‌ది, ఆ ఉబుంటులో ఉన్నది వెర్షన్ 3. ఎవరో మహానుభావుడు కొత్త ఫైలుకే పాత పేరుతో లింకు పెట్టమన్నాడట. పెళ్లికొడుకు రాలేదని అదే పేరు చెప్పి వాడి తమ్ముణ్ణి పీటల మీద కూర్చోబెట్టడమన్నమాట. లోపల వెర్షన్ చూసే వేళకి పెళ్లి ఆగిపోయింది.

చివరికి పై గది అబ్బాయి ఎవరో అంతా విడమరిచి చెప్పాడట. అక్కడితో ఆగినా బాగుండేది. మావాడు అదంతా కాగితం మీద రాసి మెస్ గోడకి అంటించాడు: రీడిస్ట్రిబ్యూటబుల్ ఎక్కడ దొరుకుతుంది, ఎక్స్86 (32 బిట్‌ది), ఎక్స్64 (64 బిట్‌ది) రెండూ ఎందుకు వేసుకోవాలి, లైనక్స్‌లో ఎల్‌డీడీ అనే కమాండ్ కొడితే ఏ లైబ్రరీ లేదో ఎలా తెలుస్తుంది, పాత లైబ్రరీ అడిగితే 22.04 కోసం కట్టిన ప్యాకేజీ వెతుక్కోమని. కింద లింకులు కూడా.

ఈ ఆదివారం నాకు ఒక్క ఫోనూ రాలేదు.