బరువు తగ్గించే శస్త్రచికిత్స: సిద్ధపడవలసింది మూడో ఏడాదికి

బరువు తగ్గించే శస్త్రచికిత్స గురించి చర్చంతా ఆపరేషన్ గది చుట్టూనే తిరుగుతుంది. ఏ పద్ధతి మేలు, ఎన్నాళ్లకు ఇంటికి పంపుతారు, ఆరు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గుతాం అన్నవే రోగులూ వారి కుటుంబ సభ్యులూ ఎక్కువగా అడిగే ప్రశ్నలు. అవి అడగవలసినవే. అయితే నైపుణ్యం ఉన్న బృందం చేసినప్పుడు ఈ ఆపరేషన్ ఈనాడు చాలావరకు సురక్షితమే. అమెరికాలోని పలు ఆస్పత్రుల్లో జరిగి, 2009లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మొదటి 30 రోజుల్లోని మరణాల రేటు 0.3 శాతంగా తేలింది. అసలు ఇబ్బందులు ఆ తర్వాత, నెమ్మదిగా, చాలాసార్లు ఎవరి దృష్టికీ రాకుండా మొదలవుతాయి. బరువు తగ్గడం ఆగిపోయి, ఆస్పత్రికి వెళ్లి చూపించుకోవడం అరుదైపోయి, చుట్టూ ఉన్నవారి ఉత్సాహం కూడా చల్లారే రెండో, మూడో ఏడాదిని దృష్టిలో పెట్టుకుని సన్నాహాలు సాగడం లేదన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

ఈ శస్త్రచికిత్స శరీరంలో ఏం చేస్తుందో సరిగ్గా తెలిస్తే ఆ దశ ఎందుకు కీలకమో అర్థమవుతుంది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా మలుస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే ఉంచి, దాన్ని చిన్నపేగు మధ్యభాగానికి నేరుగా కలుపుతారు. 1960లలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో బైపాస్‌కు రూపమిచ్చిన రోజుల్లో, తిండి పట్టే చోటు తగ్గడం, ఒంటపట్టేది తగ్గడం వల్లే బరువు తగ్గుతుందని భావించేవారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ స్లీవ్ తర్వాత బాగా పడిపోతుందనీ, కడుపు నిండిందని మెదడుకు తెలిపే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు భోజనానంతరం ఎక్కువగా విడుదలవుతాయనీ ఇప్పుడు మనకు తెలుసు. తొలి నెలల్లో రోగికి తిండి మీద ధ్యాసే లేకపోవడానికి ప్రధాన కారణం ఇదే. కానీ రోగి దాన్ని తన మనోబలంగా భావిస్తాడు. ఆకలి కొంత తిరిగివచ్చిన రోజున, అదే లెక్కన, మనోబలం పోయిందని కుంగిపోతాడు. ఈ రెండు అపోహలనూ ఆపరేషన్‌కు ముందే తొలగించాలి.

స్వీడన్‌లో 1987లో మొదలైన దీర్ఘకాలిక పరిశీలన ఈ విషయంలో అన్నింటికంటే విలువైన ఆధారం. అందులో బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండు సంవత్సరాల్లో సగటున తమ బరువులో 32 శాతం తగ్గారు. పదో ఏడాదికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. శస్త్రచికిత్స చేయించుకున్న మధుమేహ రోగుల్లో రెండేళ్లకు 72 శాతం మందిలో వ్యాధి నెమ్మదించి అదుపులోకి వచ్చింది. పదేళ్లకు అది 36 శాతం మందిలోనే నిలిచింది. ఈ అంకెలు చూసి శస్త్రచికిత్స విఫలమైందనడం అన్యాయం. శస్త్రచికిత్స చేయించుకోనివారితో పోలిస్తే ఈ బృందంలో మరణ ప్రమాదం సుమారు 29 శాతం తక్కువగా ఉన్నట్లు 2007లో అదే పరిశీలన వెల్లడించింది. బరువు కొంత తిరిగి రావడం ఈ చికిత్స సహజ గమనంలో భాగమని, దాన్ని నేరంగా చూడరాదని మాత్రమే ఈ లెక్కలు చెబుతున్నాయి. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకునే ముందు, ఆరు నెలల ఫొటోలతో పాటు ఈ పదేళ్ల లెక్కను కూడా రోగి ముందు ఉంచాలి.

ఆపరేషన్‌కు ముందరి సన్నాహాల్లో శరీరానికి సంబంధించినవి చాలావరకు పద్ధతిగానే జరుగుతున్నాయి. కాలేయంలో పేరుకున్న కొవ్వు తగ్గి, అది కొంత కుంచించుకుపోతే సర్జన్‌కు జీర్ణాశయం స్పష్టంగా అందుతుంది. అందుకే రెండు మూడు వారాలు తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచుతారు. పొగ తాగేవారిని వారాల ముందే మానిపిస్తారు. నిద్రలో శ్వాస ఆగిపోయే సమస్య ఉందేమో చూస్తారు. రక్తపరీక్షల్లో బయటపడే ఒక విషయం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది: అధిక బరువున్న మనిషిలో పోషకాలు పుష్కలంగా ఉంటాయనుకోవడం పొరపాటు. విటమిన్ డి, ఐరన్ వంటివి ఆపరేషన్‌కు ముందే తక్కువగా ఉండటం సాధారణం. ఆ లోటు పూడ్చకుండా ముందుకు వెళితే తర్వాత పూడ్చడం మరింత కష్టం.

బలహీనంగా జరుగుతున్నది మానసిక సన్నద్ధత. మానసిక నిపుణుడితో సంభాషణను రోగి పాసవ్వాల్సిన పరీక్షగా చూస్తాడు. చాలాచోట్ల వ్యవస్థ కూడా దాన్ని అలాగే నడుపుతుంది. రాత్రివేళ ఎవరూ చూడకుండా ఆపుకోలేనంతగా తినే అలవాటు, పాత కుంగుబాటు, మద్యం సంగతి చెబితే ఆపరేషన్ చేయరేమోనన్న భయంతో రోగి దాచిపెడతాడు. ఆ భయం నిర్హేతుకమని అనలేం. కానీ దాచిన సమస్యకు చికిత్స ఉండదు. ఒంటరితనాన్నీ కోపాన్నీ తిండితో అణచుకుంటూ వచ్చిన మనిషికి ఆపరేషన్ మర్నాటి నుంచి ఆ ఆసరా ఉండదు. ఒంటరితనం, కోపం అలాగే ఉంటాయి. వాటిని వేరే ఏ విధంగా భరిస్తాడన్న ప్రశ్నకు ఆపరేషన్‌కు ముందే కొంతైనా సమాధానం వెతకాలి. ఈ సంభాషణలో నిజం చెప్పినందుకు తిరస్కరించబోమని, అవసరమైతే కొన్ని నెలలు వాయిదా వేసి సాయం చేస్తామని వైద్య బృందం మొదటి రోజే స్పష్టంగా చెబితే, దాచిపెట్టేవారి సంఖ్య తప్పక తగ్గుతుందని నా నమ్మకం.

తొలి వారాల జీవితం చాలా చిన్న కొలతల్లో సాగుతుంది. పలుచని ద్రవాలు, తర్వాత చిక్కని ద్రవాలు, మెత్తగా రుబ్బిన ఆహారం, ఆపై మెత్తని ఘనాహారం అంటూ మామూలు భోజనానికి చేరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్, దాదాపు ఒకటిన్నర లీటర్ల ద్రవాలు లోపలికి వెళ్లాలి. అదీ గుక్కలుగా కాదు, చిన్న చిన్న చప్పరింతలుగా. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. కడుపు నిండిందన్న సంకేతం కూడా పాత రూపంలో రాదు. కొందరికి ఛాతీ ఎముక కింద బిగుతుగా అనిపిస్తుంది, కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి ఎక్కిళ్లు వస్తాయి. ఆ సంకేతం తర్వాత ఇంకొక్క చెంచా తింటే నొప్పి, వాంతి. పళ్లెంలో మిగిలింది రెండు చెంచాలే అయినా వదిలేసి లేవడం, ‘పారేయకుండా తినాలి’ అని చిన్నప్పటి నుంచి విన్న మనిషికి అంత తేలిక కాదు. దాన్ని ఆపరేషన్‌కు ముందే, నిండు ఆకలి ఉన్న రోజుల్లోనే, సాధన చేయాలి. బైపాస్ చేయించుకున్నవారు తీపి ఎక్కువగా తింటే అది పేగులోకి ఒక్కసారిగా దిగి గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. వైద్యులు డంపింగ్ సిండ్రోమ్ అనేది దీన్నే. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే మాత్రం ‘మామూలే’ అనుకుని ఊరుకోకూడదు. విటమిన్ బి1 నిల్వలు కొద్ది వారాల్లోనే అడుగంటి మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

విటమిన్ల విషయంలో మరికొంత వివరంగా చెప్పాలి. మూడో ఏడాది గురించి నా ఆందోళనకు అసలు కారణం ఇక్కడే ఉంది. మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం తీసుకోవాలని రోగికి మొదటి నెలలోనే చెబుతారు. కాల్షియం, ఐరన్ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి కాబట్టి వాటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియాన్ని ఒకేసారి కాకుండా విడతలుగా వేసుకోవాలి. అంటే రోజులో నాలుగైదు సార్లు మాత్రలు గుర్తుపెట్టుకోవాలి. మొదటి ఏడాది ఇది బాగానే సాగుతుంది. తర్వాత ఒక పూట మానేస్తారు, ఏమీ కాదు. ఒక నెల మానేస్తారు, అప్పుడూ ఏమీ కాదు. బి12 కాలేయంలో సంవత్సరాలకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక లోటు లక్షణాలు వెంటనే కనిపించవు. పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తడబాటు, మతిమరుపు మొదలయ్యేసరికి రోగి ఆపరేషన్ సంగతి దాదాపు మరచిపోయి ఉంటాడు. కొత్తగా చూసే వైద్యుడికి దాన్ని చెప్పాలని కూడా తోచకపోవచ్చు. కాల్షియం మరింత మోసపుచ్చుతుంది. ఆహారం నుంచి అందనప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకల నుంచి కాల్షియాన్ని లాగి రక్తంలో స్థాయిని నిలబెడుతుంది. పరీక్ష కాగితంలో కాల్షియం సరిగ్గానే ఉంటుంది, ఎముకలు మాత్రం గుల్లబారుతూ ఉంటాయి. అందుకే కాల్షియం ఒక్కటే చూసి ఊరుకోకుండా విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ స్థాయి కూడా చూడాలి. నెలసరి వచ్చే వయసు స్త్రీలలో ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనత మరీ తరచు కనిపిస్తుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం చూసి భయపడి పరుగున వచ్చే రోగులు ఉంటారు. ఒంట్లో ప్రొటీన్, ఐరన్ వంటివి సరిపడా ఉంటే అది చాలావరకు తిరిగి వచ్చేదే. కంటికి కనిపించే చిన్న నష్టానికి కలిగే కంగారు, కనిపించని పెద్ద నష్టానికి కలగకపోవడం మనుషుల్లో సహజం. ఆ లోటును వ్యవస్థే పూడ్చాలి.

మందుల సంగతి క్లుప్తంగా. మధుమేహం, రక్తపోటు మందుల మోతాదు తొలి రోజుల నుంచే తగ్గించవలసి రావచ్చు. పాత చీటీ ప్రకారం వేసుకుంటే చక్కెర, బీపీ ప్రమాదకరంగా పడిపోతాయి. బైపాస్ తర్వాత ఐబూప్రొఫెన్ తరహా నొప్పి మాత్రలు జీర్ణాశయపు సంచిని పేగుకు కలిపిన చోట పుండ్లు తెస్తాయి కాబట్టి వాటిని మానుకోవాలి. బరువు తగ్గేకొద్దీ గర్భధారణ అవకాశం పెరుగుతుంది, కానీ 12 నుంచి 18 నెలల పాటు గర్భం వాయిదా వేసుకోమనే వైద్యులు సూచిస్తారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు నమ్మకంగా ఒంటపట్టకపోవచ్చు గనుక వేరే పద్ధతి ముందే ఎంచుకోవాలి.

మద్యం విషయానికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వడం లేదు. బైపాస్ తర్వాత అదే మోతాదు మద్యం రక్తంలోకి మునుపటికంటే వేగంగా, ఎక్కువగా చేరుతుంది. మద్యపాన రుగ్మత మొదటి ఏడాదిలో కాదు, రెండో ఏడాదిలో పెరుగుతున్నట్లు 2012లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2016లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, తమకు తాము హాని చేసుకుని అత్యవసర విభాగానికి వచ్చే ఘటనలు శస్త్రచికిత్సకు ముందుకంటే తర్వాత దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగాయి. వారిలో అత్యధికులకు మానసిక సమస్యలు ముందు నుంచే ఉన్నాయి. ఇలాంటివారు మొత్తం రోగుల్లో కొద్దిమందే, నిజమే. కానీ వారెవరో ముందే తెలుసుకునే వీలుంది. ఆపరేషన్‌కు ముందు ఒక్కసారి మాట్లాడి వదిలేసే మానసిక నిపుణుడు రెండో ఏడాదిలో కూడా రోగికి అందుబాటులో ఉండాలని నేను గట్టిగా కోరడానికి కారణం ఇదే.

శరీరం మారినంత త్వరగా మనసులోని శరీరం మారదు. ఎన్నో కిలోలు తగ్గిన మనిషి ఇరుకు తలుపు దగ్గర అలవాటుగా పక్కకు తిరుగుతాడు, కుర్చీ ఆగుతుందో లేదోనని చేత్తో నొక్కి చూసి కూర్చుంటాడు, బట్టల దుకాణంలో పాత కొలతల వరుసకే వెళతాడు. పొట్ట మీద, చేతుల కింద వదులై వేలాడే చర్మం రాపిడితో పుండ్లు కట్టవచ్చు. అది వ్యాయామంతో పోదని ముందే చెప్పాలి. సంబంధాల సంగతి మరింత సంక్లిష్టం. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో వివాహితులు విడిపోవడం, ఒంటరిగా ఉన్నవారికి కొత్త తోడు దొరకడం రెండూ ఎక్కువేనని 2018లో ప్రచురితమైన స్వీడన్ విశ్లేషణ తేల్చింది. కలిసి తినడమే కలిసి ఉండటంగా గడిపిన ఇంట్లో ఒకరి తిండి నాలుగు చెంచాలకు కుదించుకుపోతే, మిగిలినవారికి కూడా సర్దుకునే సమయం కావాలి. అందుకే ఆపరేషన్‌కు ముందరి సలహా సమావేశాల్లో ఇంట్లోవారు ఒక్కరైనా కూర్చోవాలి.

బరువు కొంత తిరిగి పెరగడం మొదలైనప్పుడు రోగి చేసే మొదటి పని ఆస్పత్రికి వెళ్లడం మానేయడం. తనను చూసి వైద్యులు ఏమనుకుంటారోనన్న సిగ్గు అందుకు కారణం. రక్తపోటు మళ్లీ పెరిగిందని వచ్చిన రోగిని ఏ వైద్యుడూ దోషిగా నిలబెట్టడు, మందు మారుస్తాడు. ఊబకాయం కూడా అలాగే దీర్ఘకాలిక వ్యాధి. బరువు తిరిగి వచ్చినప్పుడు ఆహార నిపుణుడి సాయం ఉంది, సెమాగ్లూటైడ్ వంటి మందులున్నాయి, కొందరికి రెండో శస్త్రచికిత్స కూడా ఉంది. ఇవన్నీ రోగి తిరిగి వస్తేనే పనికొస్తాయి. పరీక్షకు రావలసిన తేదీకి రాని రోగికి ఆస్పత్రి నుంచి ఒక ఫోన్ వెళ్లాలి. ఆ ఫోన్ చేయవలసిన బాధ్యత ఎవరిదో ఆపరేషన్‌కు ముందే రాసి ఉండాలి. ఆపరేషన్ చేయించుకోవాలన్న ఆలోచనలో ఉన్నవారు సర్జన్‌ను అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: ఐదో ఏడాదిలో నా రక్తపరీక్షలు ఎవరు రాస్తారు, ఎవరు చూస్తారు? దానికి స్పష్టమైన సమాధానం ఇవ్వలేని చోట ఆపరేషన్ చేయించుకునే విషయం మరోసారి ఆలోచించుకోవాలి.

ఇప్పటికే ఆపరేషన్ చేయించుకుని, ఏడాదికి పైగా ఏ పరీక్షా చేయించుకోనివారు, ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఈ నెలలోనే తమ కుటుంబ వైద్యుడిని కలవడం మంచిది. ఏ సంవత్సరంలో ఏ ఆపరేషన్ జరిగిందో ముందుగా చెప్పి, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, కాల్షియం పరీక్షలు రాయమని అడగాలి. ఆ ఫలితాల కాగితాలతో పాటు ఆపరేషన్ వివరాలున్న డిశ్చార్జ్ పత్రం నకలు ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకుని, ఏ కొత్త వైద్యుడి దగ్గరికి వెళ్లినా మొదట అదే చూపించాలి.